జట్టు ఎవరిది? పెనరోల్, హైదరాబాద్ సిటీ పోలీస్: రెండు ఫుట్‌బాల్ చరిత్రలు

1950 జూలై 16న రియో డి జనీరోలోని మారకానా మైదానంలో ఉరుగ్వే 2-1 తేడాతో బ్రెజిల్‌ను ఓడించి ప్రపంచ కప్పు గెలుచుకుంది. రెండు గోల్స్ కొట్టిన షియాఫినో, గిగ్గియా, జట్టును నడిపించిన ఒబ్దులియో వరేలా ముగ్గురూ మాంటెవీడియోలోని పెనరోల్ క్లబ్బు ఆటగాళ్లే. ఆ పోటీలకు అర్హత దక్కినా భారత్ వెళ్లలేదు. అదే సీజన్‌లో మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్పునూ డ్యూరాండ్ కప్పునూ గెలిచింది. పెనరోల్ నేటికీ ఆడుతోంది. హైదరాబాద్ పోలీస్ జట్టు పేరు చెబితే ఇప్పటి కుర్రాళ్లలో ఎంతమంది గుర్తుపడతారు? రెండు జట్ల తలరాతల్లో ఇంత తేడా రావడానికి కారణం ఆటలో లేదు, జట్టు ఎవరి చేతిలో ఉందన్న దానిలో ఉందని నా వాదన.

ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల పాఠకులకు పెనరోల్ పుట్టుక అంత దూరపు సంగతి కాదు. ఆస్పరి, ఆదోని స్టేషన్ల మీదుగా మద్రాస్ రైల్వే వేసిన దారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన దారితో కలిసింది. ఉరుగ్వేలోనూ అలాంటి ఆంగ్లేయుల రైలు కంపెనీయే ఉండేది. దాని ఉద్యోగులు 1891 సెప్టెంబర్ 28న సెంట్రల్ ఉరుగ్వే రైల్వే క్రికెట్ క్లబ్ పెట్టుకున్నారు. మొదటి సభ్యులు 118 మంది: 72 మంది ఆంగ్లేయులు, 45 మంది ఉరుగ్వే వాళ్లు, ఒక జర్మన్. పేరులో క్రికెట్ ఉన్నా నిలిచింది ఫుట్‌బాలే. పసుపు, నలుపు చారల చొక్కాకు రంగులు రైల్వే నుంచే వచ్చాయి. 1913 నాటికి ఫుట్‌బాల్ జట్టుకూ కంపెనీకీ తెగతెంపులయ్యాయి. కంపెనీ వదిలేసినా సభ్యులు వదల్లేదు. రైల్వే వర్క్‌షాపులున్న పేట పేరు పెనరోల్. ఆ పేరే క్లబ్బుకు స్థిరపడింది. దక్షిణ అమెరికా క్లబ్బుల మధ్య 1960లో మొదలైన లిబెర్టడోరెస్ కప్పును తొలి రెండేళ్లూ గెలిచింది ఆ క్లబ్బే.

హైదరాబాద్ జట్టుకు దన్నుగా నిలిచింది పోలీసు శాఖ. ఆటగాళ్లకు ఉద్యోగం, జీతం అక్కడే. బీద ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లకు అది అన్నం పెట్టిన ఏర్పాటు కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. ఆ జట్టుకు ప్రాణం పోసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి పోలీస్ జట్టుకు శిక్షకుడు.

రహీం తర్ఫీదు పద్ధతులు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. బంతిని కాలితో నడిపించుకుంటూ పోకూడదు, అందిన వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలి అన్న నియమంతో ఆయన టోర్నమెంట్లు పెట్టించారు. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో మరికొన్ని. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తడబడుతూ, తడబడుతూనే నేర్చుకోవాలి. అలా తయారైన జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం శిక్షణలోనే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ బృందంలో హైదరాబాద్‌కు చెందిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో గెలిచినప్పుడూ శిక్షకుడు రహీమే. అప్పటికే క్యాన్సర్ ఆయన్ను తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు.

రాష్ట్రం ఏర్పడ్డాక జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడింది, 1961లో డ్యూరాండ్ గెలిచింది కూడా. కానీ బలరాం 1957లోనే కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాతి తరంలో హబీబ్, నయీముద్దీన్ కూడా కలకత్తా దారే పట్టారు. అక్కడ క్లబ్బు వెనుక చందా కట్టే సభ్యులు, టికెట్ కొనే జనం ఉన్నారు. పోలీస్ జట్టుకు అభిమానులున్నారు కానీ సభ్యులు లేరు. జట్టును నిలబెట్టాలా వద్దా అన్న నిర్ణయంలో చప్పట్లు కొట్టినవాళ్లకు చోటు లేదు. రహీం లేని లోటు పెద్దదే. అయినా శిక్షకులు పోవడం ఏ క్లబ్బుకైనా తప్పదు. సభ్యులున్న చోట ఆ లోటును పూడ్చుకోవాలన్న పట్టు ఉంటుంది. మన పరిశోధకులు కప్పుల జాబితాలు రాసినంత శ్రద్ధగా ఈ నిర్మాణం గురించి రాయలేదనే నా బాధ.

జట్టు వెనుక జనం ఉంటే ఏం జరుగుతుందో రియోలోని వాస్కో డ గామా క్లబ్బు ఉదాహరణ ఇంకా స్పష్టం చేస్తుంది. నల్లజాతి, కార్మిక ఆటగాళ్లను తీసెయ్యమని పెద్ద క్లబ్బులు పట్టుపడితే 1924లో వాస్కో కుదరదంది. అభిమానుల చందాలతో కట్టిన సొంత మైదానం 1927లో తెరుచుకుంది.

హైదరాబాద్‌లో పోలీసు శాఖ స్థానంలో పెట్టుబడిదారులు వచ్చినంత మాత్రాన ఈ చిక్కు తీరలేదు. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025లో యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి పేరు మార్చేసింది. గచ్చిబౌలి మైదానంలో అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లకు అడ్డుపడే అధికారమేమీ లేదు. అదే బ్యూనస్ ఐరిస్‌లో అయితే, బోకా జూనియర్స్ క్లబ్బు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి 2023 డిసెంబర్‌లో 40 వేలకు పైగా సభ్యులు ఓటేశారు.