గట్టి మెండర్ ఒకటి

ఏడాదిన్నరలో మా ఇంట్లో పదకొండు షార్ప్‌నర్లు పోయాయి. ఈ లెక్క నాది కాదు, మా అబ్బాయిది. వాడికి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. ఇద్దరూ బడికి వెళ్లరు. మధురానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో డైనింగ్ టేబులే వాళ్ల తరగతి గది. రోజుకి నాలుగైదు పెన్సిళ్లు చెక్కాలి. చెక్కుతుంటే ముల్లు విరిగిపోతుంది, మళ్లీ చెక్కితే మళ్లీ విరుగుతుంది. అరగంటకి కొత్త పెన్సిల్ బెత్తెడు అవుతుంది. లెక్కల పాఠం అక్కడే ఆగిపోతుంది, పాప ఏడుపు మొదలవుతుంది.

ఒకరోజు చిరాకేసి, ఎన్నేళ్లయినా పాడుకాని షార్ప్‌నర్ కొనాల్సిందేనని బయల్దేరాను. మైత్రీవనం దాకా నడిచాను. ఆ దారి మీకు తెలిసే ఉంటుంది. స్తంభానికో కోచింగ్ బోర్డు, మెట్రో మెట్ల కింద కరపత్రాలు పంచే కుర్రాళ్లు. దేశంలో ఎక్కడెక్కడి వాళ్లో చదువు కొనుక్కోవడానికి వచ్చే చోటు అమీర్‌పేట. దానికి పది నిమిషాల దూరంలో కూర్చుని పిల్లల్ని బడి మాన్పించిన తల్లిని నేను. ఆ నడకలో ఈ సంగతి గుర్తు రాకుండా ఉండదు.

స్టేషనరీ కొట్టతను నవ్వాడు. "గట్టి షార్ప్‌నర్ ఎవరడుగుతరు మేడమ్? పెన్సిల్ డబ్బాల ఫ్రీగనే వస్తది గదా."

జవాబు అదే. డబ్బాలో ఊరికే వచ్చే వస్తువు గట్టిగా ఉండాలని ఎవరూ అడగరు. ఎవరూ అడగని గట్టితనాన్ని ఎవరూ తయారుచెయ్యరు.

ఇంటికొచ్చి, పోయిన పదకొండింటిలో దొరికిన ఆరింటిని టేబుల్ మీద పెట్టి చూశాను. జబ్బు అన్నిటికీ ఒకటే. ప్లాస్టిక్ ఒంట్లోకి బిగించిన చిన్న మర. నాలుగు రోజులకి ఆ మర గాడి అరిగిపోతుంది, బ్లేడు వెంట్రుకవాసి పైకి లేస్తుంది, కోణం మారుతుంది. అప్పుడది చెక్కను కొయ్యదు, చీలుస్తుంది. పైగా బ్లేడు కార్బన్ ఉక్కు. పదును బాగా పడుతుంది కానీ మన వానాకాలానికి తుప్పూ అంతే బాగా పడుతుంది. నేరమంతా షార్ప్‌నర్‌దే అనడానికీ లేదు. పెన్సిల్ కిందపడితే లోపలి ముల్లు ముక్కలవుతుంది, పైకి ఏమీ కనిపించదు. ఆ ముల్లు సీసం కాదు. గ్రాఫైట్‌నీ బంకమన్నునీ కలిపి కాల్చిన కడ్డీ. ఇంగ్లాండుతో యుద్ధం వల్ల మంచి గ్రాఫైట్ దొరక్క, 1795లో ఫ్రాన్స్‌లో నికొలా జాక్ కాంటే కనిపెట్టిన ఉపాయం అది. ఒకరకంగా పింగాణీకి చుట్టం. పడితే పగలడం దాని స్వభావం.

*

మా అనంతపురంలో షార్ప్‌నర్ అనేవాళ్లం కాదు, మెండర్ అనేవాళ్లం. హైదరాబాద్ వచ్చిన కొత్తలో మెండర్ ఇవ్వమంటే హాస్టల్లో అందరూ నవ్వారు. మరమ్మతు చేసేది అని కదా దాని అర్థం, పెన్సిల్‌ని మరమ్మతు చెయ్యడమేమిటి? ఊరివాళ్ల తప్పు ఇంగ్లీషనుకుని నేనూ ఆ మాట మానేశాను.

తప్పు మాది కాదని చాలా ఏళ్లకి తెలిసింది. ఈక కలాల కాలంలో మొన అరిగితే చాకుతో మళ్లీ చెక్కడాన్ని ఇంగ్లీషువాళ్లు కలాన్ని మెండ్ చెయ్యడం అనేవాళ్లు. 1813లో వచ్చిన జేన్ ఆస్టిన్ 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో ఒకమ్మాయి, డార్సీ ఉత్తరం రాస్తుంటే పక్కన చేరి, కలం బాగుచేసి పెడతానంటుంది. ఈక పోయింది, పెన్సిల్ వచ్చింది, ఆ మాట మాత్రం మా ఊరి పిల్లల నోట్లో మిగిలింది.

ఫార్సీ, ఉర్దూల్లో రెల్లు కలం చెక్కే కత్తిని ఖలంతరాష్ అంటారు. మన తాటాకుల మీద రాసిన ఘంటాల్లో కొన్నిటికి కత్తి కూడా కలిసే ఉండేది, ఆకు కోసుకోవడానికి. రాసేవాడి చేతిలో ఎప్పుడూ ఒక కత్తి ఉండేదన్నమాట. ఆ కత్తిని పిల్లల చేతికి ఇవ్వగలిగేలా చెయ్యడమే షార్ప్‌నర్ చరిత్ర అంతా. 1828లో ఫ్రాన్స్‌లో బెర్నార్ లాసిమోన్ అనే గణితజ్ఞుడు పెన్సిల్ చెక్కే పరికరానికి పేటెంటు తీసుకున్నాడు. 1847లో అక్కడే తియెరీ దెజెస్తివో శంకువు ఆకారపు గూడులో పెన్సిల్ తిప్పే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు మన డబ్బాలో ఉన్నది దాని మనవడే.

*

మరి ఇవేవీ లేనప్పుడు మన పిల్లలు దేంతో రాశారు? దీనికి మంచి జవాబు బళ్లారి కలెక్టర్ ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో ఉంది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెలే ఈయన. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో, మీమీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లందరినీ అడిగాడు. చాలామంది పట్టికలు పంపి ఊరుకున్నారు. క్యాంప్‌బెల్ బడిలోకి తొంగిచూసినట్టు రాశాడు.

ఐదో ఏట చదువు మొదలు. ముందు ఇసుకలో వేలితో దిద్దడం. తర్వాత బొగ్గు పూసిన చెక్కపలక, లేదా గంజిపెట్టి మడతలు వేసి, బొగ్గూ జిగురూ పట్టించిన గుడ్డ. మన కడితం అదే. వాటిమీద బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేవాళ్లు. ఆ పైన తాటాకూ ఘంటమూ, లేదా కాగితమూ రెల్లు కలమూ. చూడండి, ఇసుకకీ బలపానికీ చెక్కుడు పని లేదు. పదును అవసరం పెద్దయ్యాకే వస్తుంది. ఆరేళ్ల పాపకి పెన్సిలిచ్చి, ముల్లు విరిగిందని కసురుకున్న నాకు ఈ వరస చదివి సిగ్గేసింది. మర్నాడే పాపకి పలకా బలపమూ కొన్నాను.

ఆ నివేదిక నాకింకో రకంగానూ దగ్గరిది. 1882లో విడదీసేదాకా అనంతపురం బళ్లారి జిల్లాలోదే. అంటే క్యాంప్‌బెల్ రాసింది మావాళ్ల గురించి కూడా. సుమారు 9 లక్షల 27 వేల జనాభా ఉన్న జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పాడు. ఇంగ్లాండు బట్ట దిగి నేతవాళ్ల పని పోయిందని, జనం పేదలైపోయారని, లేత చేతులు పనికి అందిరాగానే పిల్లల్ని పనిలో పెట్టక తప్పడం లేదని కూడా రాశాడు. తన ప్రభుత్వానికే రాశాడు.

ఇంటి చదువుల లెక్క ఎక్కడన్నా ఉందా అని ఆ సర్వేలోనే వెతికాను. మద్రాసు పట్నానికి ఉంది. ఇంటి దగ్గర చదువుకుంటున్న మగపిల్లలు 26,446 మంది. బడికి వెళ్లేవాళ్లకి దాదాపు ఐదింతలు. అంకెలో ఏదో పొరపాటుందేమోనని మన్రోకే అనుమానం వచ్చింది. అయినా మొదట చూసినప్పుడు నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాది వింత పోకడ కాదు, ఇది పాత దారే అని ఎవరన్నా ఎదురైతే చెప్పొచ్చు కదా. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి బడిని హక్కు చేసింది కానీ ఇంటి చదువు గురించి సూటిగా ఏమీ చెప్పలేదు. అలాంటి మసక చోట నిలబడ్డ మాలాంటి వాళ్లకి పాత అంకె ఒకటి దొరికితే ఊతకర్ర దొరికినట్టే.

పట్టికలో పక్క గడి తర్వాత చూశాను. ఇంటి దగ్గర చదువుకుంటున్న ఆడపిల్లలు 517 మంది.

*

సంక్రాంతికి మా నాయన వచ్చాడు. జిల్లాపరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పిల్లల్ని బడి మాన్పించాక రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడతాడు గానీ ఈ విషయం ఎత్తడు. వచ్చిన రోజే మొండి పెన్సిళ్లన్నీ ముందేసుకుని, సగానికి విరిచిన బ్లేడుతో చెక్కుతూ కూర్చున్నాడు. ఒక్క ముల్లు విరగలేదు. పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు.

ఆ ధైర్యంతో 26,446 సంగతి చెప్పాను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"ఆ ఇరవై ఆరువేలల్లో మనోళ్లు ఎంతమందుంటారు?"

నేను మాట్లాడలేదు.

"మా జేజినాయనకు ఇంటికొచ్చి సదువు చెప్పే అయ్యవారు యాడున్న్యాడు తల్లీ? బడి పెట్టినాకే కదా మనకు అచ్చరాలు వచ్చింది. మీకు బడి వద్దనేదానికి కూడా బడే చదువు చెప్పింది."

కోపంగా అనలేదు. అంటే బావుండేది. నా వైపు కారణాలు నాకున్నాయి. మా వాడు ఒకటో తరగతిలో రోజూ పొద్దున్నే వాంతి చేసుకునేవాడు. ఇప్పుడు చేసుకోడు. బడులు చూసే ఉద్యోగమే చేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాశాడని నాయనకి గుర్తు చేద్దామనుకున్నాను. డర్బన్‌లో పిల్లల్ని బడికి పంపని గాంధీ కూడా గుర్తొచ్చాడు. కానీ గాంధీ పేరెత్తితే, తనకి సరైన చదువు చెప్పించలేదని తండ్రి మీద జీవితాంతం అలిగిన హరిలాల్ పేరు కూడా ఎత్తాలి. ఊరుకున్నాను.

*

మెండర్ దొరికింది. పిడి తిప్పితే తిరిగేది, టేబుల్ అంచుకి బిగించేది. లోపల బ్లేడుండదు, మెలికలు తిరిగిన గాళ్లున్న ఉక్కు కడ్డీ పెన్సిల్ చుట్టూ తిరుగుతూ చెక్కుతుంది. అరిగితే ఆ కడ్డీ ఒక్కటే మార్చుకోవచ్చు. పిడి తిప్పి చెక్కే చిన్న షార్ప్‌నర్ ఒకదానికి 1897లో అమెరికాలో పేటెంటు తీసుకున్న జాన్ లీ లవ్ నల్లజాతి వడ్రంగి. అక్కడ బానిసత్వం రద్దయి అప్పటికి ముప్ఫై రెండేళ్లే. ఈ మాట చెప్తే నాయన మొదటిసారి ఆసక్తిగా ఆ పిడి పట్టుకుని తిప్పి చూశాడు. "మా బళ్లో ఇట్లాంటిదొకటి గోడకు ఉండుంటే బాగుండు" అన్నాడు.

ఇంట్లో మాత్రమే వాడే యంత్రమే గానీ మా వాచ్‌మన్ కూతురు దాన్ని చూసి వెళ్లింది. ప్రభుత్వ బడిలో మూడో తరగతి. ఇప్పుడు రోజూ సాయంత్రం రెండు పెన్సిళ్లు పట్టుకుని పైకొస్తోంది. మా పాప ఐదు గంటల నుంచే తలుపు దగ్గర కాచుకుని ఉంటుంది.

"మీ బళ్లో మెండర్ లేదా?" అని మొన్న మావాడు అడిగాడు. ఆ మాట మా ఇంట్లోకి మళ్లీ వచ్చింది, తాత పుణ్యమా అని.

"ఉంటది. అడగాలె," అంది ఆ పిల్ల. "ఇయ్యకపోతే కొట్లాడాలె."

మావాడికి అర్థం కాలేదు. అడిగి తీసుకోవాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. ఆ రాత్రి కాలనీలో బడుల పేర్లు కొన్ని కాగితం మీద రాసుకున్నాను. పంపిస్తానో లేదో తెలీదు. రాసింది పెన్సిల్‌తోనే.