లక్ష్మాగౌడ్ సిరాచిత్రాలు: నిత్యజీవిత వస్తువుల ప్రతీకాత్మకత

ప్రవేశిక

ఆధునిక తెలంగాణ చిత్రకళలో తలపాగా, మేక, ముక్కుపుడక పల్లెకు గుర్తులుగా స్థిరపడ్డాయి. ఇవి కనిపించిన చిత్రాన్ని గ్రామీణ జీవన చిత్రణగా పరిగణించడం పరిపాటి. కలాల్ లక్ష్మాగౌడ్ తొలి సిరాచిత్రాలకు ఈ అన్వయం ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

నేపథ్యం

లక్ష్మాగౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో జన్మించారు. హైదరాబాద్‌లో చిత్రకళ అభ్యసించిన తరువాత 1963 నుండి 1965 వరకు బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద కుడ్యచిత్రణ, ముద్రణకళ నేర్చుకున్నారు. 1960ల చివరి నుండి 1970ల వరకు ఆయన గీసిన నలుపు తెలుపు చిత్రాలలో స్త్రీపురుషులు, మేకలు, చెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కామం వాటిలో మరుగు లేకుండా వ్యక్తమవుతుంది.

పటంలో వస్తువు, సిరాలో వస్తువు

తెలంగాణలో వస్తువును ప్రతీకగా వాడే సంప్రదాయం అంతకుముందే ఉంది. కులపురాణాలను తెలిపే చేర్యాల నకాషీ పటాలలో వస్తువు పాత్రకు గుర్తింపునిస్తుంది. మగ్గం పద్మశాలీని, కల్లుకుండ గౌడుని సూచిస్తాయి. ఎర్రని నేపథ్యంపై ప్రతి ఆకృతికీ తనదైన రంగు, తనదైన హద్దు ఉంటాయి. కనుక మనిషి, వస్తువు వేరువేరుగా నిలుస్తాయి.

సిరాచిత్రంలో ఆ రంగుల విభజన లేదు. చర్మం, నగ, చెట్టు బెరడు, మేక వెంట్రుకలు అన్నీ సన్నని కలం గీతల అల్లికతోనే రూపొందుతాయి. అందువల్ల నగ ఐశ్వర్యాన్నో మాంగల్యాన్నో సూచించే అలంకారంగా మిగలక, శరీరంలో భాగమవుతుంది. పల్లెలో మేక పాడి, మాంసం, గ్రామదేవతకిచ్చే బలి. చిత్రంలో అది మనిషి పక్కనే నిలిచి, మనిషి దాచుకునే కోరికను బయటపెడుతుంది. పటంలో వస్తువు మనిషి కులాన్ని, వృత్తిని తెలిపితే, ఇక్కడ ఆ హద్దులకు లొంగని దేహాన్ని తెలుపుతుంది.

ముగింపు

లక్ష్మాగౌడ్ తరువాతి వర్ణచిత్రాలలో తలపాగా పురుషులు, నగల స్త్రీలు ప్రసిద్ధి పొందారు. ఆ ప్రసిద్ధి వెలుగులో తొలి సిరాచిత్రాలను చూస్తే అవి పల్లె అందాల వర్ణనలుగానే తోస్తాయి, వాటిలోని కామం, కలవరం మరుగున పడతాయి. ప్రతీకకు స్థిరమైన అర్థం లేదు. అది గీసిన సాధనాన్ని, కాలాన్ని బట్టి మారుతుంది. ఈ చిత్రాలను గీత నుండి మొదలుపెట్టి చదవడమే సముచితం.