ఇంజను తన్నింది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కొన్ని రోజులు కరెంటు లేదు, నెట్ లేదు, కాబట్టి ఆఫీసూ లేదు. మా వీధికి అడ్డంగా పడిన చెట్టుని కోయడానికి ఇద్దరు మనుషులు మోటారు రంపం పట్టుకొచ్చారు. చూడ్డం తప్ప నాకు వేరే పనేం లేదు. ఇద్దరిలో చిన్నవాడు స్టార్టరు తాడు లాగాడు. అది సగం దూరం వచ్చి, ఒక్కసారిగా వెనక్కి గుంజింది. వాడు వేళ్ళు విదిలించుకున్నాడు. పెద్దాయన నవ్వుతూ, “బొత్తాం నొక్కకుండా లాగితే చెయ్యి లాగేస్తాదిరా” అన్నాడు. సిలిండరు పక్కనున్న చిన్న బొత్తాన్ని బొటనవేలితో నొక్కి తాడు లాగాడు. రెండు మూడు సార్లు లాగాక ఇంజను ఒకసారి దగ్గింది. బొత్తాం దానంతటదే పైకొచ్చేసింది.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్. ఇంజన్ల గురించి నాకు తెలిసింది ఫస్టియర్ వర్క్‌షాప్‌తో ఆగిపోయింది. అందుకే ఆ బొత్తాం గుర్తుండిపోయినా, దాని పేరు డీకంప్రెషన్ వాల్వ్ అనీ, దానికీ మా ఇంట్లో ఒక పాత కథకీ సంబంధం ఉందనీ తెలియడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది.

ముందు బొత్తాం సంగతి. పెట్రోలు ఇంజన్లో పిస్టన్ పైకొస్తూ, గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని నొక్కుతుంది. ఆ నొక్కుడు ఎంత గట్టిగా ఉంటే పేలుడుకి అంత బలం. మంచి స్థితిలో ఉన్న రంపంలో ఈ ఒత్తిడి చదరపు అంగుళానికి 150 పౌన్ల దాకా ఉంటుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న పిస్టన్ మీద అది సుమారు 200 కిలోల బరువుతో సమానం. అదంతా చేతి మీదికి రాదు కానీ, తాడు లాగేవాడు ఆ కొండని ఎక్కించాల్సిందే. ఎక్కించలేకపోతే పిస్టన్ వెనక్కి తిరుగుతుంది, దాంతోపాటు తాడూ, వేళ్ళూ. డీకంప్రెషన్ వాల్వ్ ఏం చేస్తుందంటే, బొత్తాం నొక్కగానే సిలిండరుకి ఒక చిన్న కన్నం తెరుస్తుంది. కొంత మిశ్రమం అందులోంచి జారిపోతుంది, కొండ ఎత్తు తగ్గుతుంది. మిగిలిన మిశ్రమం మొదటిసారి అంటుకోగానే ఆ ఒత్తిడే వాల్వుని మూసేస్తుంది. చిన్న రంపాలకి దీని అవసరం పెద్దగా ఉండదు. పెద్ద సిలిండరున్న వాటికే పెడతారు.

ఈ కన్నం ఎందుకు కావాల్సొచ్చిందో అర్థం కావాలంటే రంపం బరువు చరిత్ర చూడాలి. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ ష్టీల్ చేసిన కరెంటు రంపం 48 కిలోలు. మరుసటి ఏడాది ఎమిల్ లెర్ప్ తూరింగియాలోని డోల్మార్ కొండ మీద పరీక్షించిన పెట్రోలు రంపం 58 కిలోలు. వీటిని చెరోపక్కా ఒక మనిషి పట్టుకోవాలి. ఒక్కడే మోయగల పెట్రోలు రంపాన్ని ష్టీల్ కంపెనీ 1950లో తెచ్చింది, అదీ 16 కిలోలుండేది. 1959లో వచ్చిన కాంట్రా మోడల్‌తో అది 12కి దిగింది. అప్పట్నుంచీ రంపం డిజైన్ అంటే ప్రతి గ్రాముతోనూ బేరమే.

కార్లకి ఈ బేరం లేదు. తొలినాళ్ళ కార్లని ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు. ఇంజను ఎదురు తిరిగితే మణికట్లు విరిగేవి, దవడలు పగిలేవి. 1912 కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ పెట్టాడు. ఒక మోటారు, ఒక బ్యాటరీ అదనం. నాలుగు చక్రాల మీద నిలబడే బండికి ఆ బరువు లెక్కలోది కాదు. చేత్తో ఎత్తి పట్టుకుని చెట్టెక్కాల్సిన రంపానికి మాత్రం అది మోయలేని పరిష్కారం. కారు చేతిని కాపాడటానికి ఇంకో యంత్రాన్ని తగిలించుకుంది. రంపం తన బలంలో కొంత కాసేపు వదులుకుంది. ఒక్క కన్నమే కదా, బరువేముంది?

అయితే కన్నం తెరవడం కొత్త ఆలోచనేం కాదు. పాత బుల్లెట్ నడిపినవాళ్ళకి హ్యాండిల్‌బార్ దగ్గరుండే డీకంప్రెసర్ లివరు తెలుసు. మన పొలాల్లోని ఆయిలింజన్లకీ అలాంటిదే ఉండేది. డీజిల్ ఇంజన్లో స్పార్కు ఉండదు. గాలిని వేడెక్కేదాకా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తారు. కాబట్టి పెట్రోలు ఇంజనుకంటే ఒత్తిడి చాలా ఎక్కువ. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో మొదలుపెట్టిన నెమ్మది ఇంజను, తర్వాతి రూపంలో నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్, మన దేశంలో ఎంత పాతుకుపోయిందంటే రాజ్‌కోట్‌లో దాని నకళ్ళు చేసి అమ్మారు. అలాంటి ఇంజన్ని నేరుగా తిప్పడం ఎవరివల్లా కాదు. లివరు ఎత్తితే వాల్వు తెరుచుకుని ఉంటుంది. హ్యాండిల్ తిప్పుతూ బరువైన చక్రానికి ఊపు తెప్పించాలి. ఊపు చాలనుకున్నాక లివరు వదలాలి. అప్పటికి చక్రంలో ఉన్న బలమే పిస్టన్‌ని కొండ దాటిస్తుంది.

రంపానికీ ఆయిలింజనుకీ తేడా ఇక్కడుంది. రంపం వాల్వు ఎప్పుడు మూసుకోవాలో పేలుడే నిర్ణయిస్తుంది. ఆయిలింజన్లో ఆ నిర్ణయం మనిషిది.

మా ఇంట్లో ఆ మనిషి మా నాన్న. అప్పటికి పదకొండేళ్ళు. ప్రకాశం జిల్లా మెట్టలో మా తాతయ్య బావి దగ్గర ఒక పాత ఆయిలింజను ఉండేది. తాతయ్య రెండు చేతులతో హ్యాండిల్ తిప్పేవాడు, నాన్న లివరు ఎత్తి పట్టుకునేవాడు. “వదులు” అనగానే వదలాలి. ఒకరోజు ఆ మాట రాకముందే లివరు పడిపోయింది. ఊపందుకోని ఇంజను అంటుకుని వెనక్కి తిరిగింది. హ్యాండిల్ తాతయ్య కుడి మణికట్టు విరగ్గొట్టింది. కట్టు కట్టించారు కానీ ఎముక వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తో ఆయన ముద్ద కలుపుకుంటుంటే చిన్నప్పుడు నేను తదేకంగా చూసేవాణ్ణి.

చెయ్యికి ఏమైందని ఎవరడిగినా తాతయ్య రెండే మాటలు చెప్పేవాడు: “ఇంజను తన్నింది.” నేను దాన్ని ఒక పల్లెటూరి నుడికారంగానే విన్నాను. నాన్న దాన్ని వేరేగా విన్నాడని నాకు తెలీదు. తాతయ్య పోయాక ఒకసారి ఆయనే చెప్పాడు, “లివరు స్ప్రింగు అరిగి జారిపోతుండేది. ఆ రోజు జారిందో, నేనే తొందరపడి వదిలానో నాకిప్పటికీ తెలీదు” అని.

నా ఉద్యోగంలో సర్వర్ పడిపోతే రిపోర్ట్ రాయాలి. అందులో కారణం అనే గడిలో “హ్యూమన్ ఎర్రర్” అని రాసేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. నేనూ రాశాను, జూనియర్ల పేర్లు పక్కన ఉండగానే రాశాను. కానీ పదకొండేళ్ళ పిల్లాడి చేతిలో, అరిగిన స్ప్రింగున్న లివరు పెట్టి, సరైన క్షణం కోసం వాడి మీద ఆధారపడే ఏర్పాటులో తప్పు ఆ పిల్లాడిదేనా? యంత్రాల చరిత్రలో మనం హార్స్‌పవర్లు, బరువులు, సంవత్సరాలు లెక్క పెడతాం, నేనూ పైన అదే చేశాను. తప్పు జరిగితే ఎవరిమీద పడుతుందన్న లెక్క కూడా వాటిల్లో ఉంటుంది. సరైన క్షణాన్ని కనిపెట్టే పనిని మనిషి నుంచి లోహానికి మార్చిన ప్రతిసారీ, ఎవరో ఒకరు జీవితాంతం మోయాల్సిన అనుమానం ఒకటి తగ్గిపోతుంది. తాతయ్యకి ఈ మాటలేవీ తెలీవు. కానీ వాక్యంలో కర్తగా ఎవరిని పెట్టాలో ఆయనకి తెలుసు.

పోయిన సంక్రాంతికి నాన్నకి ఈ బొత్తాం సంగతంతా కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

“అంటే, ఎవరూ వదలక్కర్లేదా?”

“అక్కర్లేదు నాన్నా. అంటుకోగానే అదే మూసుకుంటుంది.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ బొత్తాం ఖరీదు ఎంతుంటుందని అడిగాడు.