పండించిన చేయి, కొన్న చేయి – హైదరాబాదు బజారుల కథ

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారు కట్టించి, దాని నుండి నాలుగు దిక్కులకూ వీధులు తీయించినప్పుడే ఆ వీధుల వెంట దుకాణాలకు కూడా చోటు ఏర్పడినది. ఆ విధంగా మన నగరం పుట్టిన నాటి నుండీ బజారుల నగరమే. ఉద్యోగ విరమణ చేసిన మనలో చాలామందికి ఈ బజారులతో యాభై, అరవై ఏళ్ళ పరిచయం. జీతాల రోజు దాటగానే బేగంబజారులో నెల సరుకులు, పెళ్ళిళ్ళకు పత్తర్‌గట్టీలో బట్టలు, జనవరిలో పిల్లలను వెంటబెట్టుకొని నుమాయిష్. ఈ బజారుల కట్టడాల గురించి చాలామంది వ్రాశారు. నాకు మాత్రం వేరొక సంగతి మీద ఆసక్తి. పండించినవాడికీ, తయారు చేసినవాడికీ, కొనుక్కునే మనకూ మధ్య ఎన్ని చేతులున్నవి? ఏ కాలంలో అవి పెరిగినవి, ఎప్పుడు తగ్గినవి?

పాత బజారులు పాలకుల అండతో ఏర్పడినవే. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసినది బేగంబజారు. దివాను మీర్ ఆలం పేరు మీద ఏర్పడిన మండీలో ఈనాటికీ కూరగాయలు, మసాలా దినుసులు అమ్ముతున్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచివేసిన తరువాత, 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పాటైనది. పత్తర్‌గట్టీ రాతి కమానుల దుకాణాలు ఆ సంస్థ కాలంనాటివే. 1935లో మొజంజాహీ మార్కెటు వచ్చినది. ఏడవ నిజాం రెండవ కుమారుని పేరు పెట్టిన ఈ గ్రానైటు భవనాన్ని ఇటీవల బాగుచేసి 2020 ఆగస్టులో మళ్ళీ ప్రారంభించారు. గడియారం తిరుగుతున్నది, సంతోషం. అయితే ఆ చుట్టుపక్కల నుండి పండ్ల టోకు వ్యాపారం 1980లలోనే గడ్డిఅన్నారానికి తరలిపోయినది, 2022లో అక్కడి నుండి బాటసింగారానికి పోయినది. జాంబాగ్ పూలు 2009లో గుడిమల్కాపూర్ చేరినవి. ఊరు పెరిగితే మండీ బయటికి పోక తప్పదు, లారీలకు చోటు కావాలి గదా! కాని మండీ దూరమైన కొద్దీ మధ్యలో ఆటోవాడు, హమాలీ, చిల్లర వర్తకుడు చేరుతారు. ఒక్కొక్కరికీ కూలి గిట్టాలి. ఆ కూలి అంతా మన సంచీలోని వంకాయ మీదనే పడుతుంది.

ఈ మధ్య చేతులను తగ్గించాలని ప్రభుత్వమే పూనుకొన్న సందర్భం రైతు బజారు. 1999 జనవరి 26న చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం దీనిని ప్రారంభించినది. అంతకు ముందు 1987లో పంజాబులో ‘అప్నీ మండీ’ పేరుతో ఇటువంటి ప్రయత్నమే జరిగినది. మన తరువాత అదే సంవత్సరం నవంబరులో తమిళనాడులో కరుణానిధిగారు మదురైలో ‘ఉళవర్ సందై’ తెరిపించారు. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతు బజారులు మన సభ్యులకు సుపరిచితమే.

పద్ధతి చాలా సులువైనది. కూరగాయలు పండించే రైతుకు గుర్తింపు కార్డు ఇస్తారు. కూర్చునే చోటుకు అద్దె లేదు, కమీషను లేదు. బజారుకు ఒక ఎస్టేట్ ఆఫీసరు ఉంటాడు. ప్రతి ఉదయం టోకు ధర తెలుసుకొని, దానికంటె కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధరకంటె కొంత తక్కువగా ఆనాటి రేటు నిర్ణయించి బోర్డు మీద వ్రాస్తారు. రైతుకు టోకు మండీలో వచ్చేదానికంటె నాలుగు డబ్బులు ఎక్కువ, మనకు వీధి దుకాణంలో పెట్టేదానికంటె నాలుగు డబ్బులు తక్కువ. రైతు దగ్గర దొరకని ఉల్లి, ఆలుగడ్డ వంటివి మహిళా సంఘాల వారికి అప్పగించారు. తెల్లవారుజామున పల్లెల నుండి గంపలతో వచ్చేవారి కోసం ఆర్టీసీ బస్సులు కూడా నడిపారు. ఒక సర్కారు పథకం ఇంత చిన్న యంత్రాంగంతో, ఇన్ని ప్రభుత్వాలు మారినా, 2014లో రాష్ట్రం రెండైనా, ఇరువైపులా నిలబడి ఉండటం అరుదు. జీవితమంతా ఫైళ్ళలో పథకాలు పుట్టి గిట్టటం చూసినవాడిని గనుక ఈ మాట గట్టిగా చెప్పగలను.

పథకానికి ప్రాణం ఆ గుర్తింపు కార్డే. కార్డు రైతుది, కూర్చున్నది వేరొకడు అయినప్పుడు అది మామూలు కూరగాయల దుకాణమే అవుతుంది. అద్దె లేని దుకాణం గనుక బినామీలకు ఇంకా ముద్దు. ఈ ఫిర్యాదు మొదటి నుండీ ఉన్నది. కనిపెట్టటం కూడా పెద్ద కష్టం కాదు. ఏ కాలంలోనైనా పది రకాలూ ఒకే చోట పేర్చుకొని కూర్చున్నవాడు రైతు కావటం సందేహమే. రెండు మూడు రకాలే, అవీ కాస్త మట్టితో తెచ్చిన మనిషిని “ఏ ఊరు పెద్దమ్మా, నీళ్ళున్నాయా?” అని పలకరించి చూడండి. జవాబును బట్టి తెలిసిపోతుంది.

చేతివృత్తుల బజారులో ఈ లెక్క ఇంకా కఠినం. చార్మినారుకు పడమరగా ఉన్న లాడ్‌బజారులో తళతళలాడే గాజులు చూస్తాము గాని, వాటిని చేసే చేతులు అక్కడ కనిపించవు. అవి పాతబస్తీ గల్లీలలో, ఇరుకు గదులలో ఉంటాయి. లక్కను బొగ్గుల కుంపటి మీద కరిగించి, రంగు కలిపి, సన్నని కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి మీదనే అద్దాలు, రాళ్ళు ఒక్కొక్కటిగా పొదగాలి. వేళ్ళు కాలుతాయి, కళ్ళు మండుతాయి. ఇంటిల్లిపాదీ చేసే పని ఇది. ముడిసరుకు అప్పు, తయారైన గాజుకు ధర చెప్పేది వ్యాపారి. పక్కనే యంత్రం మీద చేసిన గాజులు చవకగా దొరుకుతుంటే పిల్లలు ఈ కుంపటి దగ్గర ఎందుకు కూర్చుంటారు? 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించినది. మంచిదే. పేరును ఇతరులు వాడుకోకుండా ఆ చట్టం కాపాడుతుంది గాని, కూలి ఎంత ఇవ్వాలో చెప్పదు.

ఈ గాజులకు పెద్ద గిరాకీ రాత్రులలోనే. రంజాను నెలలో చార్మినారు నుండి మదీనా వరకు రాత్రంతా దుకాణాలు తెరిచి ఉంటాయి, సహరీ వేళ దాకా బేరాలు సాగుతూనే ఉంటాయి. హలీము ఆవిరి, అత్తరు వాసన, మధ్యలో తోపుడు బళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నవారు చివరి పది రోజులలో వెళ్ళకుండుటే మేలు!

మన నగరానికి రెండవ రాత్రి బజారు నుమాయిష్ అని చెప్పవచ్చును. ఉస్మానియా పట్టభద్రుల సంఘం వారు రాష్ట్ర ఆర్థిక పరిస్థితుల సర్వేకు నిధుల కోసం 1938లో పబ్లిక్ గార్డెన్సులో దీనిని మొదలుపెట్టారు. ఆనాటి పేరుకు అర్థమే స్వదేశీ తయారీ వస్తువుల ప్రదర్శన. తయారు చేసినవాడిని జనం ముందుకు తేవటమే దాని ఉద్దేశం. 1946లో నాంపల్లి మైదానానికి మారినది, 1947, 48లలో జరగలేదు, 1949లో మళ్ళీ మొదలైనది. 2019 జనవరి 30 రాత్రి అగ్నిప్రమాదంలో ఎన్నో స్టాళ్ళు బూడిదైనా, మరుసటి జనవరికి మళ్ళీ దీపాలు వెలిగినవి. ఈ రాబడితో ఎగ్జిబిషన్ సొసైటీ వారు సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం వంటి విద్యాసంస్థలు నడుపుతున్నారు, మన ఆడపిల్లలు ఎందరో అక్కడ చదివారు. కాశ్మీరు శాలువాల వారు, లక్నో చికన్ వారు ఏటేటా వస్తూనే ఉన్నారు. అయితే ప్లాస్టిక్ సామాను, జెయింట్ వీలు మధ్య మన నేతగాని స్టాలు ఎక్కడున్నదో వెదకవలసి వస్తున్నది. దొరికితే బేరం మరీ గట్టిగా చేయవద్దని మనవి.

ఇక కాలనీలలో వారానికొకసారి సాయంత్రం రోడ్డు పక్కన పెట్టే అంగడి ఉన్నది. బల్బు వెలుగులో కూరలు, ప్లాస్టిక్ గోనె మీద ఆకుకూరలు. దానిని ఎవరూ ప్రారంభించలేదు, దానికి శిలాఫలకం లేదు, ఏ ఫైలులోనూ కనబడదు. అమ్మేవారిలో చాలామంది మండీలో కొని తెచ్చేవారే అయినా, ఆకుకూరల గంపలతో శివార్ల నుండి వచ్చే స్త్రీలు ఇంకా ఉన్నారు.

మన సభ్యులలో మార్కెటింగు, రెవెన్యూ శాఖలలో పనిచేసినవారు 1999 నాటి రైతు బజారు తొలి రోజుల సంగతులు, అప్పటి ధరల కాగితాలు ఉన్నచో, సంఘ కార్యాలయానికి పంపగలరు. వచ్చే సంచికలో అచ్చు వేసుకోవచ్చును.