పసివారి చికిత్సలో పాట

పాటకు బాధను మరపించు గుణము కలదని మన తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఏడ్చు బిడ్డను ఉయ్యాలలో పరుండబెట్టి జోల పాడుట ప్రతి యింటను ఉన్నదే. అయితే ఆ గుణమును ఆసుపత్రిలో, అందును కాన్సరు సోకిన పిల్లలయెడ, శాస్త్రరీత్యా పరీక్షించి వినియోగించుట ఇటీవలి చరిత్ర. దానినే ఇచట మనవి చేయుచున్నాము.

ఈ చరిత్రకు దారి తీసినది మొదట ఔషధమే. తీవ్రమైన ల్యుకీమియా, అనగా రక్తపు కాన్సరు, సోకిన పిల్లలు పూర్వము కొలది వారములలోనో నెలలలోనో మరణించుచుండిరి. 1948లో బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బరు, అమినాప్టెరిన్ అను మందు వలన 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించినదని ప్రకటించెను. ఆ మందును సిద్ధపరచినది లెడర్లీ పరిశోధనాలయమున మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన బృందము. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

ఇప్పుడు ఈ వ్యాధి సోకిన పిల్లలలో పలువురు బ్రతికి పెద్దవారగుచున్నారు. కాని చికిత్స రెండు మూడేండ్లు సాగును. మెథోట్రెక్సేటును వెన్నులోనికి సూదితో పలుమారులు ఎక్కింపవలసి యుండును. ప్రాణము నిలుపు మందే పసివానికి భయహేతువైనది.

సంగీతము వేరొక దారిని వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులకు అమెరికా ఆసుపత్రులలో సంగీతము వినిపించిరి. పాడ నేర్చినంత మాత్రమున చాలదనియు, రోగి స్థితిని గుర్తించు శిక్షణ కావలెననియు అనుభవము నేర్పినది. 1944లో మిచిగన్ స్టేట్ కళాశాల ఇందుకొక పట్టపు చదువును నెలకొల్పెను. 1950లో అమెరికాలో జాతీయ సంగీత చికిత్సా సంఘము ఏర్పడెను.

ఈ రెండు దారులును పిల్లల వార్డులో కలిసినవి. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 4 నుండి 7 ఏండ్ల పిల్లలు 83 మందిని మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టుచేత పాడించి వాద్యములు మ్రోగింపించిరి. ఒక జట్టుకు సంగీతము, మరియొక జట్టుకు కథలు వినిపించిరి. ముఖమున సంతోషము, చేతలలో ఉత్సాహము మొదటి జట్టులోనే అధికముగా కనిపించినవి.

2010లో వియత్నాము నుండి మరియొక పరిశోధన వెలువడినది. హనోయి నగరమున వెన్నులో సూది గ్రుచ్చించుకొను 40 మంది పిల్లలకును చెవులకు శ్రవణయంత్రములు తగిలించిరి. సగము మందికి అందు పాట వచ్చినది, తక్కినవారికి నిశ్శబ్దమే. పాట విన్నవారికి నొప్పియు, ఆందోళనయు తగ్గినవి. గుండె వేగము సయితము నెమ్మదించినది.

పాట కాన్సరును కుదుర్చునని మేము చెప్పుట లేదు. కుదుర్చునది వైద్యమే, ఆ వైద్యమును ఓర్చుకొనుటకు పాట తోడగును. ఆసుపత్రిలో ఎప్పుడు తినవలెనో, ఎప్పుడు సూదికి ఒడ్డుకొనవలెనో అన్నియు ఇతరులే నిర్ణయింతురు. ఏ పాట కావలెనో, చిడతలు ఎప్పుడు మ్రోగింపవలెనో చెప్పు అధికారమైనను ఆ పసివానికి దక్కవలదా?