ఉప్పు, బెల్లం, అర్ధసేరు నీరు: పసిబిడ్డల విరేచనాల వైద్యంలో ఒక అధ్యాయం

కలరాను ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ‘హైజా’ అంటారు. ఈ మాట అరబీ భాషలోని ‘హైదహ్’ నుండి వచ్చింది. అరబ్బులు ‘దాద్’గా పలికే అక్షరాన్ని ఉర్దూవారు ‘జ్వాద్’గా పలుకుతారు గనుక ఉచ్చారణలో ఈ తేడా ఏర్పడింది. అతుక్కున్న ఎముక మళ్ళీ విరగడం ఈ ధాతువు మూలార్థాలలో ఒకటి. ప్రాచీన హకీములు తమ గ్రంథాలలో ‘హైదహ్’ అన్నప్పుడు వారి ఉద్దేశం కలరా కాదు. తిన్నది జీర్ణంకాక వాంతులూ విరేచనాలూ ఒక్కసారిగా పట్టుకోవడాన్నే వారు ఆ పేరుతో పిలిచారు. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో కలరా విజృంభించి దేశదేశాలకు పాకిన తరువాత పాత మాటను కొత్త విపత్తుకు తగిలించారు. ఈ సంగతి మరచి పాత వైద్యగ్రంథాలను అనువదించేవారు ‘హైదహ్’ కనిపించిన ప్రతిచోటా ‘కలరా’ అని రాసి పాఠకుణ్ణి పొరపాటుదారి పట్టిస్తుంటారు. రెండేళ్ళ బిడ్డకు అర్ధరాత్రి మొదలయ్యే వాంతులు, తెల్లవారేసరికి నీళ్ళ విరేచనాలు, మధ్యాహ్నానికి గుంటలు పడ్డ కళ్ళు, ఇవి ఆనాటి హకీములు చూసిన ‘హైదహ్’కే ఎక్కువ దగ్గర.

పసిబిడ్డల రోగాలను ప్రత్యేక శాస్త్రంగా పరిగణించి గ్రంథాలు రాసిన ఘనత ముస్లిం వైద్యులకు దక్కుతుంది. క్రీ.శ. 925లో మరణించిన అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా రాజీ పిల్లల వ్యాధులపై ఒక చిన్న గ్రంథం రాశారు. దాని అరబీ మూలం నశించినా లాటిన్ అనువాదం మిగిలింది. ఒక అనువాదకుడి శ్రమ వల్లనే ఆ గ్రంథం లోకానికి దక్కిందన్నమాట. పదవ శతాబ్దంలోనే ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నుల్ జజ్జార్ శిశుపోషణపై, ఈజిప్టులో ఫాతిమీ మంత్రి యాఖూబ్ బిన్ కిల్లిస్ కోసం అహ్మద్ అల్ బలదీ గర్భిణుల, పిల్లల సంరక్షణపై విపులంగా రాశారు.

వీరిలో ఇబ్నె సీనా (980-1037) రాసిన కొన్ని పంక్తులు ప్రత్యేకంగా గమనించదగినవి. ‘అల్ ఖానూన్’ మొదటి భాగంలో ఆయన పసిబిడ్డల విరేచనాలను ప్రస్తావించారు. పళ్ళు వచ్చే కాలంలో చిగుళ్ళ నుండి కారే ద్రవం పాలతో కలిసి కడుపులోకి పోవడమే కారణమని కొందరనేవారు. ఆయనకు ఆ వివరణ రుచించలేదు. శరీరం పళ్ళను పుట్టించే పనిలో మునిగి జీర్ణక్రియను నిర్లక్ష్యం చేయడం, నొప్పి బలహీనదేహంలో అరుగుదలను చెడగొట్టడం అసలు కారణాలు కావచ్చునన్నారు. స్వల్పంగా ఉంటే వైద్యం అక్కరలేదని, ఎక్కువైతే పొట్టపై జీలకర్ర, గులాబీ మొదలైన వాటితో పట్టు వేయాలని, అదీ చాలకపోతే మేకపిల్ల కడుపు నుండి తీసే, పాలను గడ్డకట్టించే పదార్థాన్ని కొద్దిగా చన్నీళ్ళలో ఇవ్వాలని చెప్పారు. ఆ రోజు కడుపులో పాలు గడ్డకట్టకుండా పాలు మాన్పించి, మెత్తగా ఉడికిన గుడ్డు సొన, నీళ్ళలో ఉడికించిన రొట్టె గుజ్జు, లేదా నీళ్ళలో కాచిన ‘సవీఖ్’ (వేయించిన ధాన్యపు పిండి) పెట్టమన్నారు.

పాలు మాన్పించమన్న సలహా నేటి జ్ఞానానికి సరిపడదు. విరేచనాలలోనూ తల్లిపాలు ఆపకూడదని ఇప్పుడు రూఢి అయింది. కాని ఆ సవీఖ్ జావను గురించి ఆలోచించవలసి ఉంది. పిండి కడుపులో చక్కెరగా విడిపోతుంది, దానితోపాటు నీరూ లోపలికి పోతుంది. ఎందుకు పనిచేస్తుందో తెలియకపోయినా పనిచేసేదాన్ని హకీములు పట్టుకున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కడుపు జారుతున్న వ్యక్తికి తేనె ఇవ్వమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పినట్లు సహీహ్ గ్రంథాలలో ఉన్న హదీసును చూపి, నేటి ఓఆర్‌ఎస్ సూత్రమంతా అందులో ముందే ఉందని వాదించే రచనలు తరచుగా వస్తున్నాయి. ఇబ్నె ఖయ్యిమ్ వంటి విద్వాంసులు ఆ హదీసును ఆ వ్యక్తి పరిస్థితికి అన్వయించి, తేనె కడుపులోని చెడును బయటికి నెట్టివేస్తుందని వివరించారు. సోడియం లెక్కలు వారి మనసులో లేవు. హదీసు ప్రామాణ్యం రసాయనశాస్త్రపు ఊతకర్రపై నిలిచేది కాదు. పైగా ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదని నేటి వైద్యులు గట్టిగా చెబుతున్నారు. బొటులిజం అనే ప్రమాదకరమైన విషవ్యాధి సోకే అవకాశం ఉంది.

అసలు బిడ్డను చంపేది క్రిమి కాదు, ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే. ఈ సంగతి యూరపులో 1831లో స్పష్టపడింది. ఓషాగ్నెస్సీ అనే యువ వైద్యుడు కలరా రోగుల రక్తం నీరూ లవణాలూ కోల్పోయి చిక్కబడుతోందని చూపాడు. మరుసటి ఏడాది స్కాట్లండులో థామస్ లట్టా రోగుల నరాలలోకి ఉప్పునీరు ఎక్కించాడు. అయితే సూది, శుద్ధమైన ద్రవం, చేయి తిరిగిన మనిషి, ఈ మూడూ లేని పల్లెకు ఆ వైద్యం అందదు. నోటితో నీళ్ళు తాగిస్తే విరేచనం ఇంకా పెరుగుతుందనే భయం వైద్యులను కూడా చాలాకాలం వదలలేదు. 1953లోనే కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ నోటిద్వారా ద్రవమిచ్చి 186 మంది కలరా రోగులకు చికిత్స చేసి ప్రకటించాడు. పెద్ద వైద్యలోకం దాన్ని పట్టించుకోలేదు.

1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు పేగు గోడలో గ్లూకోజు, సోడియం ఒకదాన్నొకటి పట్టుకుని లోపలికి పోతాయని ప్రతిపాదించాడు. వాటి వెంట నీరు పోతుంది. విరేచనాలు సాగుతున్నా ఈ దారి చాలావరకు మూసుకుపోదు. ఒట్టి నీరు ఇస్తే చాలనిది, ఉప్పూ చక్కెరా తగు పాళ్ళలో కలిస్తే ప్రాణం నిలిపేది ఇందుకే. ఢాకాలోని కలరా పరిశోధనాలయంలో పనిచేసిన డేవిడ్ నలిన్, రిచర్డ్ కాష్ 1968లో ఈ ద్రావణం రోగులను కాపాడగలదని నిరూపించారు. 1971 యుద్ధకాలంలో తూర్పు బెంగాల్ నుండి శరణార్థులు వెల్లువగా వచ్చిన బొంగావ్ శిబిరంలో నరాలకు ఎక్కించే సెలైను అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా కలిపి డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు ఆయన శిబిరంలో 3.6 శాతానికి దిగాయి. వైద్యం డాక్టరు చేతి నుండి తల్లి చేతికి మారింది అక్కడే.

1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పసిపిల్లల పేగులలో ఒక వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూసింది. చక్రంలా కనబడుతుంది గనుక దానికి ‘రోటా’ అనే లాటిన్ మాటతో పేరు వచ్చింది. రెండేళ్ళలోపు పిల్లలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలకు ఇదే అతి ముఖ్యమైన కారణమని తేలింది. క్రిమి వేరైనా ఇవ్వవలసిన ద్రవం మాత్రం కలరాకు ఇచ్చినదే.

మందు దొరికింది. దాన్ని పల్లెకు చేర్చడం అంతకన్న కష్టమైన పని. ఆ కథ బంగ్లాదేశ్ ముస్లిం పల్లెలలో జరిగింది.

ఫజ్‌లె హసన్ ఆబిద్ స్థాపించిన బ్రాక్ సంస్థ 1979లో సిల్హెట్ ప్రాంతపు సుల్లాలో ప్రయోగం చేసి, 1980లో దేశమంతటా ఇంటింటి బోధన మొదలుపెట్టింది. పొట్లాలు కొనే స్థోమత గాని, సరఫరా చేసే వ్యవస్థ గాని అప్పుడు లేదు. అందుకే ప్రతి ఇంట్లో ఉండే ‘లొబొన్-గుడ్’, అంటే ఉప్పూ బెల్లమూ తీసుకున్నారు. మూడు వేళ్ళ కొసలతో, మొదటి గీత వరకు పట్టిన చిటికెడు ఉప్పు, ఒక గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీరు. చెంచాలూ తూకపురాళ్ళూ అక్కరలేదు, చేతి వేళ్ళే కొలత. అర్ధసేరు ఎంతవరకో తెలియడానికి ఆ ఇంటి పాత్రమీదనే గీత గీసేవారు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం గనుక తల్లి స్వయంగా కలిపిన ద్రావణాన్ని సేకరించి ప్రయోగశాలలో సోడియం కొలిచేవారు.

బోధకులు స్త్రీలే. పర్దా పాటించే ఇంటి ఆవరణలోకి పరాయి మగవాడు పోలేడు గదా. పల్లె అంచున మకాం పెట్టి, జంకుతూనే గడపగడపకూ నడిచి, ఒక్కొక్క తల్లితో కూర్చుని పది ముఖ్యాంశాలు వల్లెవేయించి, ఎదురుగా ద్రావణం కలిపించి చూసేవారు. నెల తరువాత వేరొక పరీక్షకుడు వచ్చి కొందరు తల్లులను ప్రశ్నించేవాడు. తల్లికి ఎంత గుర్తుంటే బోధకురాలికి అంత జీతం. ఎన్ని ఇళ్ళు తిరిగావని కాక, ఎంత నేర్పావని అడిగే ఇలాంటి కొలత మన మదరసాలలోనూ విశ్వవిద్యాలయాలలోనూ పెడితే ఎన్ని జీతాలు మిగులుతాయో చెప్పలేం.

అయినా మొదట ఫలితం నిరాశపరచింది. తల్లులు పాఠం చక్కగా అప్పజెప్పారు, బిడ్డకు జబ్బు చేసినప్పుడు మాత్రం కలపలేదు. విచారిస్తే మూడు సంగతులు బయటపడ్డాయి. మొదటిది, బోధించే స్త్రీలకే దానిమీద నమ్మకం లేదు, తమకు విరేచనాలు పట్టుకుంటే మాత్రలు మింగేవారు. వారిని ఢాకా ఆసుపత్రికి తీసుకుపోయి, చావుబతుకుల్లో ఉన్న బిడ్డలు ఉప్పునీటితో తేరుకోవడం కళ్ళారా చూపించారు. రెండవది, ఇంటి మగవారికి సంగతే తెలియదు. ఆడవారికి ఏదో నేర్పి పోతున్నారని అనుమానించారు. అప్పటి నుండి పురుష కార్యకర్తలు మసీదులలో, సంతలలో, పాఠశాలలలో సమావేశాలు జరిపి తండ్రులకు విషయం వివరించారు.

మూడవది భాషకు సంబంధించినది, అన్నిటికన్న లోతైనది. బెంగాలీ పల్లెలో విరేచనాలకు ఒక్క పేరు లేదు. పాలు తాగే బిడ్డకు వచ్చేది ఒక పేరు, అజీర్ణం వల్ల వచ్చేది ‘అజీర్ణ’, జిగట పడితే ‘ఆమాశ’, కలరాలా నీళ్ళుగా పోయేది ‘డాయిరియా’. కార్యకర్తలు అన్నిటినీ కలిపి ‘డాయిరియాకు ఈ ద్రావణం’ అన్నారు. తల్లులు నాలుగింటిలో ఒక్కదానికేనని అర్థం చేసుకున్నారు. వారు తెలివితక్కువవారు కారు, విన్న మాటను విన్నట్టే అర్థం చేసుకున్నారు. పొరపాటు అనువాదంలో ఉంది. నాలుగు పేర్లనూ విడివిడిగా చెప్పడం నేర్చుకున్న తరువాతనే పని ముందుకు సాగింది. 1990లో ముగిసేనాటికి ఈ ఉద్యమం కోటీ ఇరవై లక్షల ఇళ్ళ గడప తొక్కింది.

ఈజిప్టులో అదే దశాబ్దంలో దారి వేరు. అక్కడ టెలివిజనులో కరీమా ముఖ్తార్ అనే నటి అమ్మలా కూర్చుని దేశానికి పాఠం చెప్పింది. డీహైడ్రేషనుకు ‘జఫాఫ్’ అన్న మాట వాడారు. ఎండిపోవడం, కరవు అని దాని అర్థం. నైలు ఒడ్డున పొలం ఎండితే ఏమవుతుందో తెలిసిన తల్లికి వేరే నిఘంటువు అవసరం లేకపోయింది. మన పాఠ్యపుస్తకాలు ‘నిర్జలీకరణం’ అని రాస్తాయి. పల్లెతల్లి ‘ఒంట్లో నీరు ఇంకిపోయింది’ అంటుంది. రెండవదే మేలైన తెలుగు.

తెలుగునాట ఈ చరిత్ర రెండు మలుపులు తిరిగింది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, ఢిల్లీ ఆసుపత్రిలో నవజాత శిశువుల నుండి లభించిన వైరస్ రకంతో రోటావ్యాక్ టీకాను తయారుచేసింది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో రోటా టీకాను ముందుగా అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు నోటిలో చుక్కలు వేస్తారు. టీకా జబ్బు తీవ్రతను తగ్గిస్తుందే గాని అన్ని విరేచనాలనూ ఆపదు. కనుక ద్రావణం అవసరం తీరలేదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మెల్లగా పట్టడం, రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత యాభై నుండి వంద మిల్లీలీటర్లు ఇవ్వడం, తల్లిపాలూ తిండీ ఆపకపోవడం, వైద్యుడి సలహాతో పది నుండి పద్నాలుగు రోజులు జింకు వేయడం, ఇదే నేటి పద్ధతి. కళ్ళు లోతుకుపోయి, పొట్టచర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకుని, బిడ్డ మత్తుగా పడి తాగలేకపోతే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

రెండవ మలుపు మళ్ళీ ఒక మాట గురించే. 2019-21 జాతీయ సర్వే నాటికి మన దేశంలో విరేచనాలు పట్టిన పిల్లలలో సుమారు అరవై శాతానికి ఓఆర్‌ఎస్ అందింది. తల్లులు ఆ మూడక్షరాలను నమ్మడం నేర్చుకున్నాక, అవే అక్షరాలను తగిలించుకున్న తియ్యటి పానీయాలు మందుల దుకాణాలలోకి వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు. వీటిలో చక్కెర దానికి అనేక రెట్లు. అంత చక్కెర పేగులోకి నీటిని లాగి విరేచనాన్ని పెంచుతుంది. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి పోరాడిన మీదట, ఆ సూత్రాన్ని పాటించని పానీయాలు తమ పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.