లెక్కకెక్కని నేరాలు

మౌలాలి గుట్టెక్కి మొక్కు తీర్చుకుని దిగిపోతారేగాని, గుట్ట కిందనున్న మహ్లఖా బాయి సమాధి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. 1792లో తల్లి కోసం కట్టించిన తోటలోనే 1824లో ఆమెకూ చోటు దొరికింది. నిజాం వెంట యుద్ధాలక్కూడా వెళ్లిన ఉర్దూ కవయిత్రి ఆవిడ. ఆవిడకంటే పరివారం ఉండేది. మరి సామాన్యులో?

ఆ రోజుల్లో దారుల మీద థగ్గులుండేవాళ్లు. బాటసారులతో తీయగా మాట కలిపి, నమ్మించి, మెడకు రుమాలు బిగించి, శవాన్ని పూడ్చేసి పోయేవాళ్లు. పోయిన మనిషి తిరిగి రాలేదనే తప్ప ఇంటివాళ్లకేమీ తెలిసేది కాదు. ఫిర్యాదే లేదు గనుక నేరమూ లేనట్టే! నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో వీళ్ల కథను నవలగా రాస్తే ఇంగ్లండులో జనం ఎగబడి చదివారు.

ఇప్పుడు నేరాల రేటంటే లక్ష జనాభాకు నమోదైన కేసులెన్నో చెప్పే లెక్క. అది చిన్నదైతే ఊరు మంచిదని మురిసిపోతాం. కాని పరువు పోతుందని ఆడవాళ్లు నోరు విప్పని చోట కూడా అది చిన్నగానే ఉంటుంది కదా! హైదరాబాదులో 2014లో షీ టీములు మొదలయ్యాయి. చెప్పుకునే చోటు దొరికి ఫిర్యాదులు పెరిగితే, దుర్మార్గమే పెరిగిందనుకోనక్కర్లేదు, ధైర్యమూ పెరిగి ఉండొచ్చు.

అందుకే అంకె ఒక్కటే చూడకండి. రాత్రి తొమ్మిదింటికి మౌలాలి స్టేషన్లో దిగిన అమ్మాయి ఒంటరిగా ఇంటికి రాగలదా? ఆ వీధి ఆడవాళ్లనే అడగండి.